బండిని పడుకోబెట్టాలా, కదుపుతూ ఉండాలా?

మామ: అక్టోబరు సగంలోనే బండికి తాళం వేసేస్తావు, మళ్లీ మే నెల దాకా దాని మొహం చూడవు. ఆరు నెలలు కదలని బండి బతికి ఉంటుందని నీకెవరు చెప్పినారు నాయనా? నేను వేలూరులో టూరిస్టు వ్యాన్లు తిప్పినవాణ్ణి. తిరుమలకు, శ్రీపురం బంగారు గుడికి, చిత్తూరు నుంచీ కడప నుంచీ సీఎంసీ ఆసుపత్రికి వచ్చేవాళ్లకు. తిరిగే బండికి ఖర్చు ఉంటుంది కానీ జబ్బు ఉండదు. నిలిపిన రోజు నుంచే జబ్బు.

అల్లుడు: మీ వ్యానులో నీళ్లెక్కడ ఉంటాయి మామా? రేడియేటరులో, వైపరు డబ్బాలో. అంతే కదా. నా మోటర్‌హోమ్ బండి మీద కట్టిన ఇల్లు. మంచినీళ్ల ట్యాంకు, పంపు, గీజరు, వంటింటి కొళాయి, షవరు, టాయ్‌లెట్టు, వాడిన నీళ్లకు వేరే ట్యాంకులు, వీటన్నిటినీ కలుపుతూ నేల కిందా గోడల వెనకా పోయే పైపులు. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. గోడ వెనక ప్లాస్టిక్ మలుపులో నీళ్లు నిలిచిపోతే చాలు, ఆ మలుపు చిట్లుతుంది. చిట్లిన సంగతి కూడా అప్పుడు తెలియదు, మంచు కరిగాక కార్పెట్టు తడిస్తే తెలుస్తుంది. ఇక్కడ అమెరికాలో, మా మిన్నెసోటాలోని మినియాపొలిస్‌లో 2019 జనవరి 30న మైనస్ 33 డిగ్రీలు. ఆ చలిలో బండిని కదుపుతూ ఉండమంటే ఎట్లా?

మామ: సరే, నీళ్లు తీసెయ్. వద్దంటానా? తీసేసినాక మిగిలేది బండే గదా. నెలకోసారి సెల్ఫ్ కొట్టి, పది నిమిషాలు ఇంజను తిప్పి, నాలుగడుగులు ముందుకూ వెనక్కూ జరపడానికి ఏమడ్డం?

అల్లుడు: నీళ్లు తీసెయ్ అని మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. తీయడం ఒక పూట పని, అందులో ఒక వరస ఉంది. ముందు గీజరు చల్లారాలి. వేడి మీద, ప్రెషరు మీద డ్రెయిన్ బిరడా విప్పితే చెయ్యి కాలుతుంది. ఉక్కు ట్యాంకు గీజరయితే ఆ బిరడాకు ఆనోడ్ కడ్డీ ఒకటి తగిలించి ఉంటుంది. ట్యాంకుకు బదులు తాను తినిపోవడమే దాని పని. సీజను చివర బయటికి లాగి చూస్తే నీళ్లలోని ఉప్పూ సున్నమూ ఎంత పని చేశాయో తెలుస్తుంది. బాగా అరిగిపోయి ఉంటే కొత్తది వేయాలి. తర్వాత గీజరును బైపాస్ చేయాలి. వెనక ఉన్న వాల్వులు తిప్పితే నీళ్ల దారి గీజరును వదిలేసి పక్కనుంచి పోతుంది. అది మరిచిపోయామా, ఆరు గ్యాలన్ల గీజరు నిండాక గానీ, పైపులు గడ్డకట్టకుండా చివర్లో పంపే మందు కొళాయి దాకా రాదు.

అప్పుడు కంప్రెసరు. గాలి 40 పీఎస్‌ఐ దాటనివ్వను, దాటితే జాయింట్లు వదులవుతాయి. ఒక్కో కొళాయీ వేడి వైపూ చల్లటి వైపూ విప్పి, తుంపర ఆగేదాకా గాలి కొట్టడం. ఆ తర్వాత గులాబీ రంగు యాంటీఫ్రీజ్. పంపు పీల్చే గొట్టాన్ని ఆ డబ్బాలోనే ముంచి, ప్రతి కొళాయిలోనూ గులాబీ రంగు కనపడేదాకా పంపు నడపాలి. అందరూ మరిచిపోయేది బయటి షవరు. బండి పక్కన చిన్న తలుపు వెనక ఉంటుంది, కాళ్లకంటిన ఇసుక కడుక్కోవడానికి. మే నెలలో ఎవరి బండి కిందైనా నీళ్లు కారుతుంటే పక్కవాళ్లు మొదట అడిగేది దాని గురించే. టాయ్‌లెట్టు వాల్వు, బయటి పైపు తగిలించే చోట ఉండే జల్లెడ, ఫ్రిజ్‌లో ఐసు చేసే గొట్టం ఉంటే అదీ. చివరికి సింకుల కింద వంపు పైపుల్లో ఒక్కో కప్పు మందు.

మామ: ఆ గులాబీ మందేంది? మా కూలెంటూ యాంటీఫ్రీజే గదా. రెండు డబ్బాలు అదే పోసేస్తే పోదా?

అల్లుడు: పోస్తే మనుషులు పోతారు. కార్ల కూలెంటు మామూలుగా ఇథిలీన్ గ్లైకాల్. విషం, పైగా తీపి. నేల మీద ఒలికితే కుక్కలు నాకి చచ్చిపోతాయి. మేము తాగే నీళ్ల పైపుల్లోకి పంపేది ప్రొపిలీన్ గ్లైకాల్, మందుల్లో కూడా వాడేది.

మామ: మందుల్లో వాడేదంటే నాకు ఇంకా భయం. 2025లో మధ్యప్రదేశ్‌లో, ఛింద్వాడా వైపు, దగ్గుమందు తాగి పసిపిల్లలు చచ్చిపోయినారే, ఆ మందు తయారయింది మన పక్కన కాంచీపురంలో. దాంట్లో దొరికింది కూడా గ్లైకాలే.

అల్లుడు: అది డైఇథిలీన్ గ్లైకాల్. సిరప్‌లో ఉండాల్సింది ప్రొపిలీన్ గ్లైకాల్, దాంతోపాటు లోపలికి వచ్చింది ఇది. చూడ్డానికి తేడా తెలియదు. మీ భయం సబబే, అందుకే డబ్బా మీద పేరు చదవకుండా బండిలోకి ఎక్కించను. ఇంకో సంగతి. ఆ డబ్బా మీద మైనస్ 50 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది ఫారన్‌హీట్, మన లెక్కలో మైనస్ 45. అంతవరకూ నీళ్లలా పారుతుందని కాదు, అంతవరకూ పైపు పగలనివ్వదని. సున్నాకు పది డిగ్రీలు దిగేసరికే అది ముద్దకట్టడం మొదలుపెడుతుంది. పైపుల్లో నీళ్లు మిగిలి ఉంటే పలచబడి దాని బలం ఇంకా తగ్గుతుంది, అందుకే ముందు గాలి కొట్టడం. జనవరిలో ఎవరైనా సరదాగా పంపు స్విచ్చి వేసినా ఆ ముద్దను లాగలేక పంపు ఏడుస్తుంది. ఒకసారి పడుకోబెట్టిన ఇంటిని మధ్యలో లేపకూడదు.

మామ: మన కమ్మవాన్‌పేట సంగతి తెలుసు గదా నీకు. ఇంటికొక మిలిటరీవాడు, అందుకే ఆ ఊరికి మిలిటరీ పేట అని పేరు. అక్కడోళ్లు లేహ్‌లో లారీలు తోలి వచ్చినోళ్లు నా వ్యాను మీద పని చేసినారు. వాళ్లు చెప్పేది ఒకటే: ఆ చలిలో ఇంజనును పూర్తిగా చల్లారనిస్తే పొద్దున అది మనది కాదు. రాత్రిపూట లేచి లేచి స్టార్టు చేస్తారంట. డీజిలు మైనం మాదిరి అయిపోతే ట్యాంకు కింద మంట పెడతారంట. నీ మిన్నెసోటా చలి లేహ్ కంటే గొప్పదా?

అల్లుడు: గొప్పదేమీ కాదు, లెక్క ఇంచుమించు అదే. 2019లో లడఖ్ కోసమనే మైనస్ 33 దాకా గడ్డకట్టని డీజిలు ఇండియన్ ఆయిల్ తెచ్చింది. కానీ ఆ జవాను లారీ పొద్దున ఆరింటికి కదలాలి మామా. సరుకు పై పోస్టుకు చేరాలి. రాత్రంతా నూనె తగలేసినా వాళ్లకు గిట్టుబాటే. నా బండి పొద్దున ఎక్కడికీ పోనక్కర్లేదు, మే నెలలో పోతే చాలు. రేపు కావాల్సిన బండినీ ఆరు నెలల తర్వాత కావాల్సిన బండినీ ఒకే రకంగా చూడమంటే ఎట్లా?

మామ: ఆ మాట ఒప్పుకుంటా. నీళ్ల సంగతి కూడా ఒప్పుకుంటా, ఇల్లు మధ్యలో లేపొద్దు. ఇంజను సంగతి మాత్రం ఒప్పుకోను. నీ బండిలో జనరేటరు ఉండాది గదా, ఏసీకి?

అల్లుడు: ఉంది. ఆనన్ కంపెనీది.

మామ: దాని పుస్తకంలో ఏం రాసినారు?

అల్లుడు: మీరు చదివే వచ్చారన్నమాట. నెలకోసారైనా సగం లోడు మీద రెండు గంటలు నడపమని రాశారు.

మామ: తయారు చేసినోడే చెప్తా ఉండాడు, నడపమని. కార్బ్యురేటరులో పెట్రోలు నిలిచి బంక కడుతుంది, అది వాడికి తెలుసు. నువ్వేమో వాడికంటే తెలిసినోడివి.

అల్లుడు: అదే పుస్తకంలో, నాలుగు నెలలకు మించి నడపకుండా పెట్టాల్సి వస్తే ఏం చేయాలో ఇంకో పేజీ ఉంది. పెట్రోల్లో స్టెబిలైజర్ కలిపి, అది కార్బ్యురేటరు దాకా చేరేలా కాసేపు నడిపి, నూనె మార్చి, సిలిండరులోకి కాస్త నూనె పట్టించి ఆపేయమని. ఆ పేజీ మా ఊరి కోసం రాసింది. ఇక నడపమన్న పేజీలో మీరు దాటేసిన మాట ఒకటుంది: సగం లోడు మీద, రెండు గంటలు. పది నిమిషాలు అని ఎక్కడా లేదు. ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. ఇంజను బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. చల్లని ఇంజనును పది నిమిషాలు ఐడిల్‌లో తిప్పి ఆపడమంటే అన్నం కుండను మూతతో సహా పొంగు రాకముందే దించేయడం లాంటిది, చెమ్మంతా మూతకే అంటి ఉంటుంది. ఇక్కడ ఆ చెమ్మ నూనెలోకీ సైలెన్సరులోకీ దిగుతుంది. మీరు బండికి మంచి చేస్తున్నామనుకుంటూ నూనెలో నీళ్లు కలుపుతున్నారు.

మామ: పది నిమిషాలు చాలదంటే అరగంట తిప్పు. రోడ్డెక్కించు.

అల్లుడు: డిసెంబరు నుంచి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మంచు కరగడానికి. పొడిగా, శుభ్రంగా పెట్టిన బండిని ఒక్కసారి ఆ రోడ్డెక్కించి తెస్తే చాసీ కింద ఉప్పు అంటుకుని వస్తుంది, అప్పుడు కడుగుదామంటే నీళ్లు గడ్డకడతాయి. పైగా ఇంటి వైపు బ్యాటరీలు లిథియంవి. సున్నా కింద వాటికి ఛార్జి ఎక్కిస్తే లోపల పాడవుతాయి. ఇంజను స్టార్టు చేస్తే ఆల్టర్నేటరు వాటికి కూడా ఛార్జి పంపాలని చూస్తుంది.

మామ: ఇంజను బ్యాటరీ?

అల్లుడు: అది మామూలు లెడ్ బ్యాటరీ. నిండా ఛార్జి ఉంటే ఈ చలి దాన్నేమీ చేయదు. ఖాళీ అయితే మాత్రం మైనస్ ఏడెనిమిదికే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. అందుకే నింపి, నెగటివ్ కేబుల్ పీకి పెడతాను. చలిలో బ్యాటరీ తనంతట తాను దిగిపోవడం కూడా చాలా నెమ్మది.

మామ: గ్యాసు?

అల్లుడు: సిలిండరు కట్టేస్తాను. మీ వంటగ్యాసులో బ్యూటేన్ పాలు ఎక్కువ, సున్నా దగ్గరికే అది ఆవిరి కానంటుంది. ఇక్కడిది ప్రొపేన్, మైనస్ 42 దాకా దానికి చలి లేదు.

మామ: అన్నిటికీ జవాబుండాది నీ దగ్గర. ఒక్కదానికి చెప్పు. నవంబరులో బండిలోకి ఎలుక దూరితే నీకు ఎప్పుడు తెలుస్తుంది?

అల్లుడు: మే నెలలో.

మామ: అదీ సంగతి. 2020 మార్చి 25న లాక్‌డౌను పెట్టినారు. మా వ్యాన్లన్నీ వేలూరు తొరపాడిలో వరసగా నిలిచిపోయినాయి. ఆర్టీవో ఆఫీసులో స్టాపేజి రాసిచ్చి, కవరు కప్పి, మా వీధిలో ఒకాయన లోపలికి పోయి కూర్చున్నాడు. నేను ఆదివారం ఆదివారం పోయి బానెట్టు తీసినా. ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఎలుక గూడు పెడతా ఉంటే నాకు వారంలో తెలిసింది, పీచు తీసి పారేసినా. ఆయనకు ట్రిప్పులు మొదలైనప్పుడు తెలిసింది, వైరింగంతా కొరికేసినాక. బ్రేకు డ్రమ్ములు కూడా పట్టేసినాయి, హ్యాండ్ బ్రేకు వేసి పెట్టినాడు గదా. నా పది నిమిషాలతో నూనెలో నీళ్లు చేరినాయో లేదో నువ్వు చెప్పు, నాకు తెలీదు. కానీ ఆ పది నిమిషాల్లో నేను ఇంజనును తిప్పింది ఒక్కటే కాదు. చుట్టూ తిరిగి టైరు చూసినా, కింద వంగి నూనె కారతా ఉందా అని చూసినా, వాసన చూసినా. సెల్ఫ్ కొట్టడమనేది ఒక సాకు నాయనా. ఆ సాకు లేకపోతే మనిషి బండి దగ్గరికి పోడు.

అల్లుడు: ఇది మాత్రం నాకు తగిలింది. నా పద్ధతిలో పెద్ద లోటు అదే. అంతా ఒకేసారి, అక్టోబరులో, నా చెయ్యి మీద ఆధారపడి ఉంది. ఆరోజు ఒక కొళాయి మరిచిపోతే ఆ మరుపు ఆరు నెలలు మౌనంగా కూర్చుంటుంది. ఎలుకల కోసం నేల కింద పైపులు దూరే ప్రతి కంతలోనూ రాగి జాలీ కుక్కుతాను. ఇక్కడి చిట్టెలుకకు చిటికెన వేలంత సందు చాలు. తినే వస్తువు బియ్యపు గింజ కూడా మిగల్చను, దిండ్లూ దుప్పట్లూ ఇంట్లోకి తెచ్చేస్తాను, ఫ్రిజ్ తలుపు తెరిచి అడ్డం పెడతాను. అయినా వస్తుంది. వచ్చిందని చెప్పే మనిషి లేడు.

టైర్ల విషయంలో కూడా మీ మాటే నిజం. తిరిగే టైరు కంటే నిలిచిన టైరుకే ముందు పగుళ్లు తేలతాయి. రబ్బరును కాపాడే పదార్థం లోపలినుంచి పైకి రావాలంటే టైరు నలగాలి. నేను గాలి నిండా కొట్టి, కింద చెక్కలు వేసి, ఎండ తగలకుండా కప్పుతాను. అది మందే గానీ నడకకు సాటి కాదు. ట్రెడ్డు ఇంకా మిగిలి ఉండగానే వయసు చూసి టైర్లు మార్చేయాల్సి వస్తుంది మాకు.

మామ: మరి నెలకోసారి పోయి చూడు. స్టార్టు చేయొద్దు, పోయి చూడు.

అల్లుడు: ఆ మాత్రం చేయొచ్చు. పైకప్పు మీద మంచు తోయడానికైనా పోవాలి. సీలు వదిలిన చోట కరిగిన నీళ్లు లోపలికి దిగి రాత్రికి గడ్డకట్టి సందును ఇంకా పెద్దది చేస్తాయి. గోడ లోపల చెక్క, అది కుళ్లితే బండి అమ్ముడుపోదు. ఇప్పుడు మీ వంతు మామా. నాన్న కారు సంగతి మాట్లాడదాం.

మామ: బావ కారుకేమైంది? రాయి మాదిరి ఉండాది.

అల్లుడు: అమ్మానాన్నలు వీసా మీద ఏటా మే నెలకు ఇక్కడికి వస్తారు, చలి ముదిరే ముందు వెళ్లిపోతారు. అంటే నా బండి నడిచే నెలల్లో తొరపాడిలో వాళ్ల కారు నిలిచి ఉంటుంది. అది నిలిచేది కత్తిరి ఎండలో. మీరు ప్రతి ఆదివారం పది నిమిషాలు సెల్ఫ్ కొట్టి ఆపేస్తున్నారు. నా మాట వినండి. చక్రాల కింద అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేసి, బ్యాటరీ వైరు పీకి, అట్లా వదిలేయండి.

మామ: నీ చలిమందు నా ఎండకు పోస్తావా? నువ్వే అన్నావు, చలిలో బ్యాటరీ నెమ్మదిగా దిగుతుందని. మరి ఎండలో?

అల్లుడు: వేగంగా దిగుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపు వేగం.

మామ: వేలూరు మే నెలలో 42 డిగ్రీలు. షెడ్డులో ఇంకా ఎక్కువ. వైరు పీకినా బ్యాటరీ తనంతట తాను దిగుతుంది, డిస్టిల్డ్ వాటరు ఆవిరవుతుంది. అక్టోబరులో బావ దిగేసరికి చచ్చిన బ్యాటరీ చేతికిస్తావా? ఆయన విమానం దిగి వచ్చి మరుసటి పొద్దున షుగరు పరీక్షకు పోవాలి. లేహ్ లారీ లెక్క చెప్పినావే, రేపు కావాల్సిన బండి, ఆరు నెలల తర్వాత కావాల్సిన బండి అని. బావ కారు రేపు కావాల్సిన బండి. ఆయన ఎప్పుడు దిగుతాడో, మధ్యలో మీ అమ్మమ్మను ఎప్పుడు ఆసుపత్రికి తీసుకుపోవాలో ఎవరికి తెలుసు?

అల్లుడు: అదే నిజమైతే పది నిమిషాలు అసలు పనికిరావు. స్టార్టరు లాగిన కరెంటు తిరిగి నిండటానికే ఐడిల్‌లో చాలాసార్లు ఆ సమయం చాలదు. పెట్రోలేమో 20 శాతం ఇథనాల్ కలిసినది, తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో నెలల తరబడి అదే పాత పెట్రోలు. మీ ఆదివారాలు బండిని బతికించడం లేదు, చావకుండా చూస్తున్నాయి.

మామ: చావకుండా ఉండటం తక్కువా?

అల్లుడు: తక్కువని అనను. అయితే రోడ్డెక్కించండి. మీ రోడ్ల మీద ఉప్పు లేదు కదా.

మామ: నీకొక సంగతి చెప్తా. మన కోటలో జలకంఠేశ్వరుడి గుడి. నా చిన్నప్పుడు ఆ గుడిలో దేవుడు లేడు. దేవుడు లేని గుడి అని వేలూరును ఎగతాళి చేసేవాళ్లు, నీళ్లు లేని ఏరు, రాజు లేని కోట అంటూ. తరాల తరబడి అట్లనే ఉండింది. 1981లో సత్తువాచ్చారి నుంచి లింగాన్ని తెచ్చి పెట్టినారు. పురావస్తు శాఖవాళ్లకు ఇష్టం లేదు, ఊరివాళ్లు తెచ్చేసినారు. ఇప్పుడు పోయి చూడు, పొద్దున దీపం, సాయంత్రం జనం. వాడకంలో ఉన్నదాన్ని చూసుకునేవాళ్లు పదిమంది ఉంటారు.

అల్లుడు: నేను ఆ కథను తిప్పి చెప్తాను. దేవుడు లేని అన్నేళ్లూ ఆ గోపురం నిలిచే ఉంది. కల్యాణ మండపంలో ఆ గుర్రాలు, యాళీలు, ఒక్క స్తంభం మీద చెక్కిన అంత పని, ఎక్కడికీ పోలేదు. బ్రిటిషువాళ్లు దాన్ని ఆయుధాల గిడ్డంగి చేశారు, అయినా నిలిచింది. ఖాళీగా ఉన్నది నశిస్తుందన్న మీ మాటకు ఆ గుడే అడ్డు సాక్ష్యం.

మామ: అది రాయి. నీది ఫైబరూ ప్లైవుడ్డూ రబ్బరూ. రాతికి ఎన్ని తరాలైనా ఓపిక ఉంటుంది. రబ్బరుకు? ఇంకొకటి, గిడ్డంగి చేసినారన్నావే, అంటే రోజూ ఎవడో ఒకడు తలుపు తీసి లోపలికి పోతా ఉన్నాడు. అది ఖాళీ గుడి కాదు, దేవుడు లేని గుడి. 2021 నవంబరు వానలకు గుడిలోకి నీళ్లు వచ్చినాయి. చూసుకునేవాళ్లు లేకపోతే ఆ నీళ్లు తోడేదెవరు?

అల్లుడు: మళ్లీ నీళ్ల దగ్గరికే వచ్చాం.

మామ: వచ్చినాం గానీ అసలు మాట నువ్వు దాటేస్తా ఉండావు. ఆరు నెలలు మందు పోసి, జాలీ కుక్కి, కవరు కప్పి, బాడుగ కట్టి, ఇన్సూరెన్సు కట్టి కాపాడే బండి ఎందుకు నీకు? మన సినిమావాళ్ల కారవాన్లు కూడా షూటింగు షూటింగుకు బాడుగకు వస్తాయి. వేసవిలో నాలుగు ట్రిప్పులకు బాడుగ బండి తీసుకో. చలికాలం అది ఎవడిదో, ఎలుకలు వాడివి.

అల్లుడు: లెక్క చూస్తే మీరే గెలుస్తారు. నేనూ వేసి చూశాను, బాడుగే చవక. కానీ పోయిన వేసవిలో అమ్మ ఇటాస్కా సరస్సు దగ్గర, మిసిసిపీ నది పుట్టే చోట, రాళ్ల మీద నది దాటింది. మోకాళ్ల నొప్పి మనిషి. ఆమెకు తన వంటిల్లు, తన టాయ్‌లెట్టు, తన మంచం వెంట వస్తేనే ఇల్లు కదులుతుంది. బాడుగ బండిలో ఆమె పోపు వేయదు, వాళ్ల బండిలో వాసన పడుతుందని. సొంత బండిలో నిమ్మళంగా కూర్చుని ఊరగాయ జాడీలు సర్దుకుంటుంది. ఆ ఆరు నెలల కోసం ఈ ఆరు నెలల చాకిరీ. మీకిది దండగ అనిపిస్తే నేను కాదనలేను.

మామ: మీ అమ్మ నాకూ చెప్పింది ఆ నది సంగతి. నడుంలోతు కూడా లేదంట గదా, మిసిసిపీ అని పెద్ద పేరే గానీ.

అల్లుడు: అక్కడ మోకాలి లోతే. మన పాలారులో అదైనా ఉండదు చాలా నెలలు.

మామ: పాలారును ఏమనొద్దు, ఇసుక కింద నీళ్లుండాయి. సరే. నీ లెక్కలో సగం తీసుకుంటా. ఈ ఆదివారం నుంచి బావ కారు పది నిమిషాలు కాదు, గుడియాత్తం దాకా తోలుతా. పోనూరానూ అరవై కిలోమీటర్ల పైమాటే, ఇంజను బాగా కాగుతుంది. మీ చిన్నమ్మకు గుడియాత్తంలో లుంగీలు బేరం చేసే పనీ అయిపోతుంది. ట్యాంకు నిండా పెట్టను, తక్కువ తక్కువగా కొత్త పెట్రోలు పోస్తా. బ్యాటరీ వైరు మాత్రం పీకను.

అల్లుడు: రెండు వారాలకోసారి చాలు మామా, ప్రతి ఆదివారం అక్కర్లేదు. మీరు ఊళ్లో లేని నెలలో అయినా వైరు పీకండి.

మామ: నేను ఊళ్లో లేకపోతే తాళం మీ పెద్దమ్మ కొడుకు దగ్గర ఉంటుంది, వాడు తోలతాడు. నువ్వు జనవరిలో పోయి బండి చూసొస్తావా?

అల్లుడు: చూడాలనే ఉంది. మా స్టోరేజీ లాటులో పెద్ద మంచు పడితే గేటు దాకా దారి తీసేసరికి వారాలు పడుతుంది. జనవరిలో లోపలికి పోనిస్తారన్న నమ్మకం లేదు.

మామ: అయితే ఆ లాటు మార్చు.

అల్లుడు: మారిస్తే బాడుగ పెరుగుతుంది.

మామ: లెక్క చూసి కొనలేదంటివే ఇందాక!